పుస్తకం ఫోన్లోకి వచ్చింది... వత్తులు ఎటుపోయాయి?

విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక పిల్లవాడి పుస్తకంలో ‘ప్రశ్న’ అన్న మాట ‘పశ్న’ అని పడిందనుకుందాం. పెద్ద నష్టమేమీ లేదు. బడి నుంచి ఇంటికి వెళ్లే దారిలో బస్సు మీద, దుకాణం బోర్డు మీద, గోడ మీది సినిమా పోస్టరులో, ఇంటికొచ్చే పేపర్లో ర వత్తు రోజూ సరిగ్గానే కనిపిస్తుంది. తప్పు దానంతట అదే దిద్దుకుపోతుంది. హోసూరులో, షోలాపూరులో, బళ్లారిలో, బరంపురంలో ఉండే మన పిల్లలకు ఆ వసతి తక్కువ. ఇంట్లో తెలుగు వింటారు, మాట్లాడతారు. తెలుగు అక్షరం మాత్రం చాలామందికి బడి పుస్తకంలోనే కనిపిస్తుంది. పుస్తకంలో వత్తు పోతే పిల్లవాడి చేతిరాతలోనూ పోతుంది. యానాం పిల్లలకు చుట్టూ తెలుగే కాబట్టి వాళ్లు కొంత నయం.

ప్రాథమిక దశలో పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పడానికి తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. 1956లో ఏడో సవరణతో చేరిన మాట అది. వసతి అంటే గది, టీచరు, పుస్తకం. గదీ టీచరూ మన చేతిలో ఉండే సంగతులు కావు. పుస్తకం విషయంలో మాత్రం మనం చేసుకోగలిగింది కొంత ఉంది. తరగతిలో పన్నెండు మంది పిల్లలుంటే వాళ్ల కోసం ఏ ప్రెస్సూ పుస్తకం అచ్చు వేయదు. ఏనాడో వేసిన ఉపవాచకం, సీనియర్ టీచర్లు తయారుచేసిన వర్క్‌బుక్, బడి వార్షిక సంచికలోని పిల్లల కథలు ఇప్పుడు ఎవరో ఒకరి కంప్యూటర్లో ఫైళ్లుగా మిగిలాయి. వాటిని ఫోన్లో చదువుకునే ఈ-పుస్తకాలుగా మార్చే పని మేమూ పెట్టుకున్నాం.

మార్చే పరికరానికి కొదవ లేదు. క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్ ఫైలును, పీడీఎఫ్‌ను, పాత మోబీని తీసుకుని ఈపబ్‌గా మార్చి ఇస్తుంది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల తరవాత తెరిచి చూస్తే అక్షరాలు చెదిరి ఉంటాయి. అప్పుడు చాలామంది చేసేది మార్పిడి బటన్ మళ్లీ నొక్కడం, లేదా ఇంకో వెబ్‌సైట్ వెతకడం. మేము చూసినంతలో తప్పు మార్పిడిలో తక్కువ, మొదటి ఫైలు లోపలి కోడ్‌లోనే ఎక్కువ. మార్పిడి దాన్ని బయటపెడుతుంది, అంతే. అందుకని మందు వెతికే ముందు నాడి చూడాలి. పేజీ ఎలా చెదిరిందో గమనిస్తే జబ్బు ఏమిటో దాదాపు తెలిసిపోతుంది.

పేజీని చూసి పోల్చుకోవడం

అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తే సంతోషించండి. పాఠం క్షేమంగా ఉంది, దాన్ని చూపించే తెలుగు ఫాంటే లేదు. ఈపబ్‌లో ఒక తెలుగు ఫాంట్ కలిపితే సరిపోతుంది. మండలి, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు స్వేచ్ఛగా పంచుకోవడానికి అనుమతి ఉన్న ఫాంట్లే.

తలమీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఏ’, దాని పక్కనే డిగ్రీ గుర్తు. ఈ జంట పేజీ నిండా అడుగడుగునా కనిపిస్తే అదీ నయమయ్యే జబ్బే. యూనికోడ్ తెలుగుకు 128 గదులు కేటాయించింది. ఆ గది సంఖ్యను యూటీఎఫ్-8 పద్ధతిలో దాచేటప్పుడు ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండే రకాలు. చదివే సాఫ్ట్‌వేర్ ఆ మూడింటినీ కలిపి ఒక తెలుగు గుర్తు అనుకోకుండా మూడు పాశ్చాత్య అక్షరాలు అనుకుంటే మొదటిది వాలుగీత ‘ఏ’గా, రెండోది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్ గుర్తుగానో కనిపిస్తుంది. అంటే అక్షరం లోపల పదిలంగా ఉంది, చదివే తీరే తప్పు. క్యాలిబర్‌లో మార్పిడికి ముందు ‘ఇన్‌పుట్ క్యారెక్టర్ ఎన్‌కోడింగ్’ అన్నచోట యూటీఎఫ్-8 అని రాస్తే తెలుగు తిరిగి వస్తుంది.

ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే మాత్రం మందు లేదు. తెలుగు పట్టని పాత పద్ధతిలో ఎవరో ఆ ఫైలును సేవ్ చేశారు. అప్పుడే ఒక్కో అక్షరం చెరిగి దాని చోట ప్రశ్నార్థకం పడింది. పాత కాపీ వెతుక్కోవడమే దారి.

ఇక పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలగాపులగంగా ఉండి, పైన చెప్పిన ఏ-డిగ్రీ జంట ఎక్కడా లేకపోతే అది పాత డీటీపీ ఫాంట్ల వ్యవహారం. మన బడుల దగ్గరుండే పాత ఫైళ్లలో తరచూ ఎదురయ్యేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి.

‘సవుయుం’ కథ

యూనికోడ్ మొదటి ప్రమాణం 1991లో వచ్చింది, తెలుగు అందులోనే ఉంది. అయినా అచ్చు పని ఆ తరవాత చాలా ఏళ్లు పేజ్‌మేకర్‌లో, అనూ వంటి ఫాంట్లతోనే నడిచింది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు. అందుకని ఫాంట్లు తయారుచేసేవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలుండే గదుల్లోనే తెలుగు ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లీషే, ఫాంట్ తొడిగితే తెలుగు వేషం. కాగితం మీద అచ్చుకు ఆ వేషం చాలు. అన్నేళ్ల తెలుగు అచ్చు ఆ ఉపాయం మీదే నడిచింది కాబట్టి వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. చిక్కల్లా ఈ-పుస్తకంగా మార్చేటప్పుడే. మార్పిడిలో ఫాంట్ జారిపోతుంది, వేషం ఊడుతుంది.

కొందరు ఆ పాత ఫాంట్‌నే తెచ్చి ఈపబ్‌లో ఇరికిస్తారు. పేజీ తెలుగులా కనిపిస్తుంది. పిల్లవాడు ఫోన్లో ఫాంట్ మార్చగానే మళ్లీ పిచ్చి అక్షరాలు. మాట వెతికితే దొరకదు. చూపు లేని పిల్లల కోసం పైకి చదివి వినిపించే సౌకర్యం పెడితే అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలను గడగడా వల్లిస్తుంది. ఈ దగ్గరిదారి వద్దని మా గట్టి అభిప్రాయం. ముందు అసలు వచనాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, ఆ తరవాతే ఈపబ్.

అలా మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ ఫాంట్ కుటుంబం మారితే పట్టిక మారుతుంది, వెర్షన్ మారినా మారవచ్చు. ఫాంట్ పేరు తెలియకుండా కన్వర్టర్ వాడటం చీటీ లేకుండా మందు కొన్నట్టే. పీడీఎఫ్ ఉంటే అడోబ్ రీడర్‌లో తెరిచి, ప్రాపర్టీస్‌లోని ‘ఫాంట్స్’ నొక్కితే పేర్లన్నీ కనిపిస్తాయి.

కన్వర్టర్‌ను పరీక్షించడానికి పాఠం మొదటి వాక్యం ఇవ్వకండి. అది బాగానే వచ్చి మోసం చేస్తుంది. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, వాఙ్మయం, దుఃఖం, కృష్ణుడు, సామర్థ్యం, ఘోష, ఝరి, హైదరాబాద్... ఇలాంటి మాటలున్న పేరాలను ఏరి ఇవ్వండి. అవి నిలబడితే మిగతావి నిలబడతాయి.

తరచుగా విరిగేవి మ, య. అచ్చులో చూస్తే ‘మ’ అంటే ‘వ’ పక్కన ఒక తోక. ‘య’కూ అలాంటి తోకే ఉంది. కొన్ని పాత ఫాంట్లు ఆ తోకను విడి ముక్కగా ఉంచి, కొమ్ముకు వాడే ముక్కతోనే పని కానిచ్చాయి. కన్వర్టర్ ఆ తోకను నిజంగానే కొమ్ము అనుకుంటే ‘సమయం’ కాస్తా ‘సవుయుం’ అవుతుంది. ‘సమాచారం’ ‘సవూచారం’, ‘విషయం’ ‘విషయుం’. ఇంటర్నెట్‌లో తెలుగు చదివేవాళ్లకు ఈ మాటలు పాత చుట్టాలే.

దిద్దేటప్పుడు తొందర పనికిరాదు. ‘వు’ ఉన్నచోటల్లా ‘మ’ పెట్టమని కంప్యూటర్‌కు ఒక్క ఆజ్ఞ ఇస్తే ఆవు ‘ఆమ’ అయిపోతుంది, పువ్వు ‘పువ్మ’ అవుతుంది. మాటకు మాటగా జాబితా రాసుకుని మార్చాలి. విరిగే మాటలు మళ్లీ మళ్లీ అవే వస్తాయి కాబట్టి జాబితా అనుకున్నంత పెద్దది కాదు. పైగా రెండో పుస్తకానికీ అదే పనికొస్తుంది.

ర వత్తుది మరో తంటా. కాగితం మీద అది అక్షరాన్ని ఎడమవైపు నుంచి చుట్టుకుంటుంది కాబట్టి కొన్ని ఫాంట్లలో దాన్ని అక్షరానికి ముందే కొట్టేవారు. యూనికోడ్‌లో పలికే వరసే రాసే వరస: ముందు ద, తరవాత పొల్లు, తరవాత ర. ఈ తేడా తెలియని కన్వర్టర్ వత్తును వెనక అక్షరానికి తగిలిస్తుంది. ‘సముద్రం’ అప్పుడు ‘సమ్రుదం’. ఆరో తరగతి పిల్లలు దీన్ని చూసి నవ్వుకుంటారు. రెండో తరగతి పిల్లలు అలాగే నేర్చుకుంటారు.

కొన్ని తప్పులు ఫాంట్‌వి కావు, వేళ్లవి. విసర్గ బదులు కోలన్ కొట్టడం తెలుగు టైపింగులో ఎంత అలవాటంటే ‘దు:ఖం’ అని చూస్తే తప్పనిపించనే అనిపించదు. కంటికి తేడా లేదు, కోడ్‌కు ఉంది. అది రెండు ముక్కల మాట, వెతికితే దొరకదు, పైకి చదివే యంత్రం మధ్యలో ఆగుతుంది. సున్న కూడా అంతే. అరసున్న సంగతి సరే, నిండు సున్నకే నాలుగు రూపాలు తిరుగుతున్నాయి: అసలైన పూర్ణానుస్వారం, తెలుగు అంకె సున్నా, ఇంగ్లీషు అంకె సున్నా, ఇంగ్లీషు అక్షరం ‘ఓ’. రెండు తెలుగు అక్షరాల మధ్య కోలన్ ఉందా, తెలుగు అక్షరం వెంటనే అంకె సున్నా ఉందా అని వెతికి, ఒక్కొక్కటీ చూసి మార్చాలి.

కర్ణాటక మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. యూనికోడ్‌లో తెలుగు గదులు ముగిసిన మరుక్షణం కన్నడ గదులు మొదలవుతాయి. తెలుగు అక్షరానికీ సాటి కన్నడ అక్షరానికీ మధ్య దూరం సరిగ్గా 128. ఫోన్లో రెండు కీబోర్డులూ ఉన్నవాళ్లు మారుస్తూ మారుస్తూ సున్నను, గను, రను కన్నడలో కొట్టేస్తుంటారు. కంటికి పోలికే. ఫాంట్ మారినచోట మాత్రం ఆ ఒక్క అక్షరం లావుగానో డబ్బాగానో తేలుతుంది.

పీడీఎఫ్ ఒక్కటే మిగిలితే

పీడీఎఫ్ కాగితానికి నకలు. ఏ ముక్క పేజీలో ఏ చోట పడాలో దానికి తెలుసు. ఆ ముక్క ఏ అక్షరమో చెప్పే పట్టిక ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సగం పట్టిక ఉన్నప్పుడే ‘ప్రశ్న’ ‘పశ్న’ అవుతుంది. ‘ప’ ముక్కకు పేరుంది, ర వత్తు ముక్కకు లేదు, లాగేటప్పుడు రాలిపోయింది.

అలాంటి పీడీఎఫ్ నుంచి వచనాన్ని లాగడం కన్నా, పేజీని బొమ్మగా తీసుకుని ఓసీఆర్ చేయించడం మేలని మాకు తోచింది. పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగును గుర్తుపట్టి వచనంగా ఇస్తుంది. టెస్సరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ లేకుండానే ఆ పని చేస్తుంది. ద, ధ, థల మధ్య, ప, వ, షల మధ్య ఓసీఆర్ తడబడుతుంది. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు అచ్చు పుస్తకం పైకి చదవాలి, ఒకరు తెరమీద చూడాలి. పాత ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దింది ఇలాగే.

పద్యాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. పీడీఎఫ్‌ను మార్చేటప్పుడు క్యాలిబర్ విరిగిన వరసలను కలిపి పేరాగా చేయాలని చూస్తుంది. వచనానికి అది మేలు. పద్యానికి పెడితే నాలుగు పాదాలూ ఒకే వాక్యమై కూర్చుంటాయి. యతి ఎక్కడో పిల్లవాడికి ఎలా చూపించాలి? పద్యాలున్న పుటలను విడిగా చేత్తో దిద్దుకోవడం తప్పదు.

రంగు వేసిన గుడి

వచనం శుభ్రమైంది, ఈపబ్ తయారైంది. అయినా మూడో పాఠం దగ్గరికి రాగానే యాప్ తప్పు చూపి ఆగిపోతుంది. ఈపబ్ అంటే నిజానికి ఒక జిప్ మూట. లోపల పాఠాలు ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా ఉంటాయి. మామూలు వెబ్ పేజీలో ఒక ట్యాగ్ మూయడం మరిచినా బ్రౌజర్ సర్దుకుపోతుంది. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పాతకాలపు వ్యాకరణం మాస్టారు. ఒక్క ట్యాగ్ మూయకపోతే పాఠం మొత్తం చూడనంటుంది.

మన పుస్తకాల్లో దీనికి తరచూ కారణం అండ్ గుర్తు. ‘క & ఖ విభాగాలు’ అని కోడ్‌లో నేరుగా ఉంటే చాలు, పాఠం తెరుచుకోదు. ఆ గుర్తు ఏదో సంకేతానికి మొదలు అని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. అండ్ గుర్తు తరవాత ఏ, ఎమ్, పీ అనే ఇంగ్లీషు అక్షరాలు, సెమికోలన్ చేర్చాలి. ‘క, ఖ విభాగాలు’ అని రాసుకుంటే అసలు గొడవే లేదు, తెలుగుకూ అదే అందం. వెబ్ నుంచి తెచ్చిన వచనంలో విడని ఖాళీ కోసం ‘ఎన్‌బీఎస్‌పీ’ అనే పేరు దాగి ఉంటుంది. ఈపబ్ 3కి ఆ పేరు తెలియదు. దాని చోట &#160; అని సంఖ్య ఇవ్వాలి.

తప్పు ఏ వరసలో ఉందో ఈపబ్‌చెక్ అనే ఉచిత సాధనం చెబుతుంది. సిజిల్‌లోనో క్యాలిబర్ ఎడిటర్‌లోనో ఆ వరసకు వెళ్లి దిద్దవచ్చు. నలభై తప్పులు చూపించినా కంగారుపడవద్దు. మొదటిది దిద్ది మళ్లీ పరీక్షిస్తే చాలాసార్లు మిగతావి దానితోనే పోతాయి, ఒకటి మూయకపోవడం వల్ల పుట్టినవే కాబట్టి. జిప్ విప్పి, దిద్ది, ఫోన్లో మళ్లీ జిప్ చేస్తే మాత్రం పుస్తకం అసలే తెరుచుకోకపోవచ్చు. ‘మైమ్‌టైప్’ అనే చిన్న ఫైలు మూటలో అన్నిటికన్నా ముందు, కుదించకుండా ఉండాలని నియమం. ఎడిటర్లు దాన్ని పాటిస్తాయి, ఫోన్లోని జిప్ యాప్‌లకు ఆ పట్టింపు ఉండదు.

ప్రాథమిక తరగతుల టీచర్లు ఎదుర్కొనే విచిత్రం ఇంకొకటి. గుణింతం పాఠంలో ‘కి’ రాసి గుడికి మాత్రం ఎర్ర రంగు వేస్తాం. నల్లబల్ల మీద రంగు సుద్దతో చేసేదే. వర్డ్‌లో అలా వేయగలిగిన ఫైలును ఈపబ్‌గా మారిస్తే హల్లు ఒక ట్యాగ్‌లో, గుడి మరో ట్యాగ్‌లో పడతాయి. కొన్ని యాప్‌లు కలిపే చూపిస్తాయి. కొన్నిటిలో హల్లు తలకట్టుతో విడిగా నిలబడి, గుడి పక్కన చుక్కల వలయం మీద తేలుతుంది. ఆధారం దొరకని గుణింతపు గుర్తుకు కంప్యూటర్ ఇచ్చే పీట ఆ వలయం. పిల్లలు అదీ ఒక అక్షరమే అనుకుని నోటు పుస్తకంలో దించుతారు. పాఠం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే అలంకారమూ ఇదే పని చేస్తుంది. ‘స్వాతంత్ర్యం’లో ‘స’ ఒక్కటే పెద్దదై వత్తు తెగిపడుతుంది. అలంకారం తీసేయడమే మంచిది. రంగు గుణింతాన్ని బొమ్మగా పెట్టి, బొమ్మ కింద మామూలు అక్షరాలతో వరస రాయాలి.

‘హోసూర్‌లో’ అన్న మాట ‘హోసూర్లో’ అయితే కారణం వేరు. పొల్లు తరవాత హల్లు వస్తే యూనికోడ్ వత్తు చేసేస్తుంది. వద్దని చెప్పడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు ఉండాలి. కొన్ని ‘శుభ్రం చేసే’ సాధనాలు కనిపించనిదల్లా చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. నాగ్‌పూర్, సాఫ్ట్‌వేర్ వంటి మాటలను మార్పిడి తరవాత ఒకసారి వెతికి చూసుకోవాలి. చివరిగా పుస్తకం వివరాల్లో భాష తెలుగు అని పెట్టాలి. లేకపోతే పైకి చదివే సౌకర్యం ఇంగ్లీషు గొంతుతో మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

దిద్దిన యూనికోడ్ వచనాన్ని విడిగా, సాదా ఫైలుగా, రెండు చోట్ల దాచాలి. ఈపబ్ రేపు మరో రూపానికి మారవచ్చు. అమెజాన్ కూడా కిండిల్‌కు పంపే ఫైళ్లలో మోబీని పక్కనపెట్టి ఈపబ్‌ను తీసుకుంది. వచనం బాగుంటే ఏ రూపంలోకైనా మళ్లీ రెండు నిమిషాల పనే. బడి సొంతంగా తయారుచేసుకున్నవాటికి అడ్డు లేదు కానీ, ప్రభుత్వ పాఠ్యపుస్తకాలకూ రచయితల పుస్తకాలకూ అనుమతి అడిగే ముట్టుకోవాలి.

తల్లిదండ్రులు చేయగలిగిన సాయం చిన్నదేమీ కాదు. ‘పుస్తకం సరిగా రావడం లేదు’ అన్న మెసేజ్‌తో మాకు ఏమీ తెలియదు. తెర ఫోటో, ఏ ఫోన్, ఏ యాప్ అన్నవి పంపితే డబ్బానా, వలయమా, విరిగిన ‘మ’నా అని కూర్చున్నచోటే పోల్చుకోగలం. పుస్తకం అందరికీ పంచే ముందు ఒక పాఠాన్ని పిల్లలతో పైకి చదివించండి. చదువుతున్న పిల్ల ఎక్కడ ఆగిందో, ఏ మాటను రెండోసారి కూడబలుక్కుందో అక్కడే తప్పు ఉండే అవకాశం ఎక్కువ. అలా ఆగినచోట పేజీ సంఖ్య కాకుండా వాక్యం మొత్తం రాసి పంపండి. ఈ-పుస్తకంలో పేజీ సంఖ్య ఒక్కో ఫోన్లో ఒక్కోలా ఉంటుంది.